పుట్టింది బెంగళూరు, ఊరు కదిరి: వలస కుటుంబాల పిల్లలు పెద్దయ్యాక ఎక్కడ ఉంటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఇంటి మిద్దె మీద ఆదివారం పొద్దున తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పుతాను. పదిహేడేళ్ళయింది. మొదట్లో పలక పట్టుకుని వచ్చిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. కొందరు ఇక్కడే, కొందరు హైదరాబాద్‌లో, ఒకరిద్దరు తిరిగి అనంతపురం వైపు. పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలు మెట్ల మీద నిలబడి అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు. వీడు పెద్దయ్యాక ఎక్కడుంటాడు? మేం ఇప్పుడు చేస్తున్నది వాడికి మంచిదేనా? ప్రతి వారం అవే జవాబులు చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు. నేను 1996లో కదిరి నుంచి వచ్చాను. నాకూ ఇద్దరు పిల్లలు.

## వచ్చిన కొత్తలో

మా వాడు పుట్టిందే బెంగళూరులో. వాడు కూడా వలస కిందికి వస్తాడా?

ప్రభుత్వ లెక్కలో రాడు. మన జనగణన ఎక్కడ పుట్టారని అడుగుతుంది, ఇంతకుముందు ఎక్కడ ఉన్నారని అడుగుతుంది. అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారని అడగదు. కాబట్టి మీరు వలస వచ్చినవాళ్ళు, మీ వాడు స్థానికుడు. 2011 జనగణనలో వలస వెళ్ళినవాళ్ళుగా తేలినవాళ్ళు దేశం మొత్తం మీద 45 కోట్ల పైమాటే. ఆ తర్వాత కొత్త ఊళ్ళో పుట్టిన వాళ్ళ పిల్లలు ఆ అంకెలో లేరు.

మాతృభాష లెక్కలో మాత్రం కనబడతారు. అదే జనగణనలో కర్ణాటక జనాభాలో 5.84 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. బెంగళూరు నగర జిల్లాలో అది దాదాపు 14 శాతం. నిన్న రైలు దిగినవాళ్ళూ, ఐదారు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళూ అందులో కలిసే ఉన్నారు.

స్వీడన్‌లో 1947 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. 1932 తర్వాత పుట్టినవాళ్ళను వాళ్ళ తల్లిదండ్రులతో కలిపే రిజిస్టరు కూడా ఉంది. వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో అలాంటి దేశాల్లో లెక్క తీయడం సులువు. మనకు ఆ లెక్క లేదు కాబట్టి మన పిల్లల గురించి ఎవరైనా ఖచ్చితమైన శాతాలు చెబితే నమ్మకండి.

వలస వచ్చినవాళ్ళ పిల్లలు కూడా ఒకచోట నిలవరంటారు. నిజమేనా?

కొంత నిజం. యూరప్‌లో 11 దేశాల మనుషులు పుట్టినప్పటినుంచి ఏయే ఇళ్ళు మారారో చూసిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. చిన్నప్పుడు ఎక్కువసార్లు ఇల్లు మారినవాళ్ళు పెద్దయ్యాక కూడా ఎక్కువసార్లు మారారని అందులో తేలింది.

కారణం రక్తంలో ఏమీ లేదు. ఒక ఊళ్ళో మనకు ఉండే సొంత ఇల్లు, మేనత్త, పేరుతో పిలిచే కిరాణా కొట్టు, చిన్నప్పటి స్నేహితులు, అక్కడి భాష, ఇవన్నీ ఒక రకం ఆస్తి. ఊరు వదిలితే ఆ ఆస్తి వెంట రాదు. తాతల కాలం నుంచి ఇక్కడి మల్లేశ్వరంలో ఉన్న పిల్లవాడికి అది పుట్టుకతోనే ఉంటుంది. మన పిల్లవాడికి అందులో సగమే ఉంటుంది. పోగొట్టుకునేది తక్కువ కాబట్టి బయలుదేరడం వాడికి తేలిక. దానికి తోడు, ఊరు మారినా బతకవచ్చని వాడు మిమ్మల్ని చూసే నేర్చుకున్నాడు.

మాది హిందూపురం. ఇక్కడికి వంద కిలోమీటర్లు. ఇదీ ఒక వలసేనా?

వలసే. దూరం తక్కువే గాని రాష్ట్రం మారింది, అసలు తేడా అదే. 2011 లెక్క ప్రకారం మన దేశంలో వలసల్లో 88 శాతం సొంత రాష్ట్రం దాటనివే. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక పత్రంలో పక్కపక్క జిల్లాలను పోల్చి చూశారు. రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉంటే వాటి మధ్య వలస, మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నప్పటికంటే కనీసం 50 శాతం ఎక్కువట.

గౌరిబిదనూరు, బాగేపల్లి కర్ణాటకలో ఉన్నా అక్కడ వీధిలో వినబడేది ఎక్కువగా తెలుగే. మాటలో హిందూపురానికీ గౌరిబిదనూరుకూ పెద్ద తేడా ఉండదు. తేడా కాగితాల్లో ఉంది. కాలేజీ సీటు, కుల ధ్రువీకరణ, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం, అన్నీ ఆ గీత దగ్గర మారిపోతాయి. మీకు రెండు గంటల ప్రయాణం. మీ పిల్లలకు మాత్రం ఆ గీత పద్దెనిమిదేళ్ళ వయసులో ఎదురొస్తుంది.

పాప ఏడో తరగతిలో ఉండగా వచ్చాం. మరీ ఆలస్యం చేశామా?

ఆలస్యం అనను. అయితే నాలుగేళ్ళ వయసులో వచ్చిన పాపకూ, పన్నెండేళ్ళకు వచ్చిన పాపకూ తేడా ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లకు ఊళ్ళో స్నేహాలు, బడి, చదవడం రాయడం వచ్చిన తెలుగు, అన్నీ అప్పటికే కుదిరి ఉంటాయి. పెద్దయ్యాక తెలుగు రాష్ట్రాల్లో బతకడం ఆ పాపకు సులువు. ఇక్కడ కుదురుకోవడానికి మొదటి రెండేళ్ళు కష్టపడుతుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో అలాంటివాళ్ళు మొదట్లో క్లాసులో నోరే విప్పేవాళ్ళు కాదు. బడిలో కన్నడం రాదని నవ్వారని ఒక పాప నెల రోజులు నాతో కూడా మాట్లాడలేదు.

చేయవలసింది ఒకటే. వచ్చిన ఏడాదే మళ్ళీ ఇల్లు మార్చకండి. అద్దె వెయ్యి రూపాయలు తగ్గుతుందని బడి మారేంత దూరం వెళ్ళకండి. ఊరు మారిన దెబ్బనుంచి పిల్లలు తేరుకుంటారు. ఏటా స్నేహితులు మారిపోతుంటే మాత్రం కొందరు స్నేహం చేయడమే మానేస్తారు.

## బడి రోజులు

కన్నడం నేర్పితే తెలుగు పోతుంది, తెలుగు నేర్పితే ఇక్కడ పనికిరాదు. ఏది నేర్పించాలి?

రెండూ. ఇది నేను మనసా వాచా నమ్మే మాట, అందుకే కాస్త పొడుగ్గా చెబుతున్నాను.

కర్ణాటకలో 2015లో చేసిన కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి దాకా కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాలి. కాబట్టి బడికి వెళ్ళే పిల్లలకు కన్నడం ఎలాగూ వస్తుంది. రావాలి కూడా. ఈ నీళ్ళు తాగుతున్నాం, ఈ బస్సులు ఎక్కుతున్నాం. కన్నడం బాగా వచ్చిన పిల్లవాడికి బెంగళూరు సొంత ఊరవుతుంది. రానివాడు ఇరవై ఏళ్ళున్నా అద్దెకున్నవాడిలాగే ఉంటాడు. ఇంట్లో కన్నడాన్ని తక్కువ చేసి మాట్లాడే తల్లిదండ్రులు పిల్లల కాళ్ళ కింద నేల తామే తవ్వుతున్నారు.

తెలుగు సంగతి వేరు. బడి నేర్పదు, వీధి సగమే నేర్పుతుంది. మన పిల్లలు తెలుగులో మాట్లాడుతూనే “సాకు”, “బేడ”, “స్వల్ప” లాంటి కన్నడ మాటలు కలుపుతారు. అందులో తప్పేమీ లేదు, సరిహద్దు తెలుగు ఎప్పుడూ అలాగే ఉంది. చిక్కు చదవడం రాయడం దగ్గర వస్తుంది. మాట్లాడటం మాత్రమే వచ్చిన పిల్లలకు అమ్మమ్మ ఇల్లు అందుతుంది గాని అనంతపురంలో ఉద్యోగం అందదు. బస్సు బోర్డు చదవలేడు, దరఖాస్తు నింపలేడు, పొలం పాస్‌పుస్తకం చూస్తే అందులో ఏముందో తెలియదు. వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళు కూర్చుంటే చదవడం వస్తుంది. కన్నడ లిపి వచ్చిన పిల్లలకు ఇంకా తొందరగా వస్తుంది, రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు కదా. క చూపిస్తే “ఇది మాకు తెలుసు అంకుల్” అంటారు.

రెండు భాషలు చదవడం వచ్చిన పిల్లలకు పెద్దయ్యాక రెండు రాష్ట్రాలు తెరిచి ఉంటాయి. ఎక్కడ ఉండాలో వాళ్ళే ఎంచుకుంటారు.

పిల్లల్ని ఊళ్ళో అవ్వాతాతల దగ్గర వదిలి మేమిద్దరం ఇక్కడ పని చేసుకోవచ్చా?

కదిరి, తనకల్లు, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చే కుటుంబాలు చాలా వరకు ఇలాగే చేస్తున్నాయి. తప్పని పరిస్థితుల్లో చేసే పని గురించి ఎవరినీ తప్పుపట్టను. ఒక్క సంగతి మాత్రం తెలిసి ఉండాలి. అలా పెరిగిన పిల్లలకు ఊరే ఊరు. బెంగళూరు అమ్మానాన్నలు పని చేసే చోటు, సెలవుల్లో వెళ్ళే చోటు, అంతే. పదో తరగతి అయ్యాక “ఇంక ఇక్కడికి వచ్చేయ్” అంటే వాడికి అది మొదటి వలస. మీరు ఎప్పుడో దాటిన కష్టం వాడికి అప్పుడే మొదలవుతుంది. తీసుకురావాలనే ఉద్దేశం ఉంటే ఐదో తరగతి లోపే తీసుకురండి.

టీసీ ఇంకా రాలేదని ఇక్కడి బడిలో చేర్చుకోవడం లేదు. ఏం చేయాలి?

2009 విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షను చూపించండి. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలోగాని, ఎయిడెడ్ బడిలోగాని అడ్మిషన్ ఆపకూడదు. పాత బడి హెడ్‌మాస్టరు కూడా అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలి. 4వ సెక్షను ప్రకారం పిల్లల వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. నోటితో చెబితే వినకపోతే రాసి ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. కాగితం కనబడితే చాలాచోట్ల పని జరుగుతుంది.

ఇంటర్‌కు విజయవాడ, నెల్లూరు పంపిస్తే ఆంధ్రలో సీటు వస్తుందా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి తెలుగు నేలలో సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికుడు అనిపించుకోవడానికి అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో, కలిపి వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలన్నది ప్రధాన షరతు. ఇంటర్ రెండేళ్ళే కదా. పది దాకా బెంగళూరులో చదివి ఇంటర్‌కు మాత్రం వెళితే నాలుగేళ్ళు నిండవు. అమ్మానాన్నలు ఆ రాష్ట్రంలో పదేళ్ళు నివసించి ఉంటే మిగతా 15 శాతంలో పోటీ పడవచ్చు.

ఇటు ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు రాసే కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీకి ప్రధాన షరతు ఒకటో తరగతి నుంచి పన్నెండు లోపు ఏడేళ్ళు ఈ రాష్ట్రంలో చదివి ఉండటం. దానికి తోడు పది, పన్నెండు ఎక్కడ పాసయ్యారన్నది కూడా చూస్తారు. కోర్సును బట్టి, సంవత్సరాన్ని బట్టి చిన్న చిన్న మార్పులు ఉంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చదవాలి.

మా వీధిలో ఒక పిల్లవాడు నాలుగో తరగతి దాకా మదనపల్లెలో, ఐదు నుంచి పది దాకా ఇక్కడ, ఇంటర్ నెల్లూరులో చదివాడు. ఇక్కడ ఆరేళ్ళు, అక్కడ రెండేళ్ళు. రెండు చోట్లా స్థానికుడు కాలేదు. వాళ్ళ నాన్న నా ముందు కూర్చుని లెక్క వేసి, మళ్ళీ మళ్ళీ వేసి, చాలాసేపు మాట్లాడలేదు. ఎనిమిదో తరగతి అయ్యేలోపే నిర్ణయించుకోండి. ఆంధ్ర అనుకుంటే తొమ్మిది నుంచే పంపండి. కర్ణాటక అనుకుంటే పీయూసీ, అంటే ఇక్కడి ఇంటర్, ఇక్కడే చదివించండి.

మా కుల ధ్రువీకరణ ఆంధ్రలోది. ఇక్కడ పిల్లలకు రిజర్వేషన్ పనికొస్తుందా?

ఎస్సీ, ఎస్టీ కుటుంబాల విషయంలో కర్ణాటక రాష్ట్ర సీట్లకు, రాష్ట్ర ఉద్యోగాలకు పనికిరాదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట తేల్చింది. అతను తెనాలిలో పుట్టాడు, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగాడు, అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా అడిగాడు. పుట్టిన రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో వర్తించదని కోర్టు చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే మాట నిలబడింది. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ అదే కులం ఉన్నా ఇదే నియమం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు, కేంద్ర విద్యాసంస్థల దగ్గర మాత్రం దారి మూసుకుపోలేదు. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన ధ్రువీకరణ చూపిస్తే, ఇక్కడి అధికారులే పిల్లలకు వలస కుటుంబం కింద ధ్రువీకరణ ఇవ్వవచ్చు. అందులో సొంత రాష్ట్రం పేరు ఉంటుంది. ఆ కాగితం పదో తరగతి లోపే తీసి పెట్టుకోండి. దళిత కుటుంబాల పిల్లలు ఎక్కడ చదవాలి, ఎక్కడ బతకాలి అన్నదాన్ని ఈ ఒక్క నియమం ఎంతగా మలుస్తుందో బయట చాలామందికి తెలియదు. బాగా చదివే పిల్లల్ని దీని కోసమే ఎనిమిదో తరగతిలో ఊరికి తిప్పి పంపిన కుటుంబాలు నాకు తెలుసు.

## ఉద్యోగం, పెళ్ళి

డిగ్రీ అయ్యాక మా వాడు హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. సొంత ఊరికి రమ్మంటే రాడు. హైదరాబాద్ మాత్రం ఎందుకు?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మా పెద్దవాడూ అదే చేశాడు కాబట్టి చాలా ఆలోచించాను.

ఇలాంటిది చాలా పెద్ద ఎత్తున అమెరికాలో జరిగింది. 1910 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతి అమెరికన్లు దక్షిణాది రాష్ట్రాలు వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి చోట్లకు వెళ్ళారు. వాళ్ళు పారిపోయింది జాతి హింస నుంచి, పత్తి చేలలో అప్పుల బతుకు నుంచి. మన వలసకూ దానికీ పోలిక పెట్టలేం. కానీ 1970ల నుంచి ఆ ప్రవాహం వెనక్కి తిరిగింది. వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనవలు దక్షిణానికి రావడం మొదలుపెట్టారు. ఎక్కువమంది వచ్చి చేరింది తాతలు వదిలిన పల్లెలకు కాదు, అట్లాంటా, హ్యూస్టన్, షార్లెట్ లాంటి నగరాలకు.

మన పిల్లల్లోనూ అదే చూస్తున్నాను. కదిరివాడి కొడుకు కదిరికి వెళ్ళడు. అమ్మ భాష వినబడే పెద్ద నగరానికి వెళతాడు. అక్కడ పిన్ని కొడుకు ఉంటాడు, గది దొరికేదాకా ఉండనిస్తాడు. ఆఫీసులో కన్నడమా హిందీనా అనే ఇబ్బంది ఉండదు. బెంగళూరులో నేర్చుకున్న పనికి అక్కడా జీతం ఉంటుంది. 2014 తర్వాత హైదరాబాద్ మన అనంతపురం వాళ్ళకు వేరే రాష్ట్రమే, అయినా పిల్లలు ఆ మాటే ఎత్తరు. వాళ్ళను లాగుతున్నది భాష, చుట్టాలు, పని.

2023 సెప్టెంబరు నుంచి యశ్వంతపురం, కాచిగూడల మధ్య వందేభారత్ నడుస్తోంది. ధర్మవరం, అనంతపురం, కర్నూలు మీదుగానే వెళుతుంది. మేం మా వాడి దగ్గరికి పోయేటప్పుడు ధర్మవరంలో రైలు ఆగుతుంది. మా ఆవిడ కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీద మనుషుల్ని చూస్తుంది, ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడతారేమోనని.

అమ్మాయిల విషయం వేరు కదా? పెళ్ళితోనే కదా తేలేది?

చాలావరకు అంతే. 2020-21 కార్మిక సర్వేలో దేశంలో మగవాళ్ళలో 10.7 శాతం, ఆడవాళ్ళలో 47.9 శాతం వలస వెళ్ళినవాళ్ళని తేలింది. వలస వెళ్ళిన ఆడవాళ్ళలో 86.8 శాతం మంది చెప్పిన కారణం పెళ్ళి. అంటే మన దేశంలో అతి పెద్ద వలస ఆడపిల్లలు అత్తారింటికి వెళ్ళడమే. దాన్ని ఎవరూ వలస అనరు.

మన దగ్గర మేనరికం కూడా ఉంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల్లో దాదాపు పావు వంతు మంది ఆడవాళ్ళు దగ్గరి బంధువునే చేసుకున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బెంగళూరులో పెరిగిన అమ్మాయిని ఊళ్ళోని మేనమామ కొడుక్కి ఇస్తే రెండు రకాలుగా జరగడం చూశాను. అల్లుడే బెంగళూరు వచ్చి మామ వెనకాల పనిలో చేరడం ఒకటి. అమ్మాయి పల్లెకు వెళ్ళడం ఇంకొకటి. రెండో దాంట్లో అమ్మాయి చదువు, ఉద్యోగం ఆగిపోవడం ఎక్కువసార్లు చూశాను. సంబంధం చూసేటప్పుడు “పిల్ల ఎక్కడ ఉంటానంటోంది?” అని అమ్మాయినే అడగండి. ఉద్యోగం చేసే అమ్మాయిలకు ఇప్పుడు జవాబు సిద్ధంగానే ఉంటోంది, అడిగేవాళ్ళే తక్కువ.

మేం బిల్డింగ్ పనికి వచ్చినవాళ్ళం. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలకూ మా పిల్లలకూ ఒకటేనా?

ఒకటి కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలకు అడ్రసు ఉంటుంది. అగ్రిమెంటు కాగితం, గ్యాస్ బిల్లు, ఒకే బడిలో పదేళ్ళు ఉంటాయి. షెడ్లలో ఉండే పిల్లలు సైటు పూర్తయిన ప్రతిసారీ మకాం మారుస్తారు. ఒకడు నా దగ్గరికి మూడు నెలలు వచ్చాడు, అచ్చులు అన్నీ వచ్చేశాయి. నాలుగో నెల సైటు సర్జాపుర వైపు మారింది. తర్వాత కనబడలేదు.

ఒక పని తప్పకుండా చేయండి. రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వయసుండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసి ఉంటే అర్హత ఉంటుంది. ఏ రాష్ట్రం నుంచి వచ్చారన్నది అడ్డం కాదు. పిల్లల చదువుకు బోర్డు నుంచి సాయం అందుతుంది. రెండో పని, సైటు మారినా పిల్లల బడి మారకుండా చూడటం. బడి దగ్గర గది తీసుకుని నాన్న ఒక్కడే సైటుకు తిరిగిన కుటుంబాల పిల్లలు పదో తరగతి దాటారు.

పిల్లలు మరీ దూరం, విదేశాలకు వెళ్ళిపోతే?

వెళ్ళేవాళ్ళు వెళతారు. కానీ మనం భయపడినంతమంది వెళ్ళరు. ఊళ్ళు మారడం మామూలైన అమెరికాలోనే, 26 ఏళ్ళ వయసులో పది మందిలో ఎనిమిదిమంది తాము పెరిగిన చోటికి వంద మైళ్ళ లోపే ఉన్నారని అక్కడి జనగణన శాఖ పరిశోధకులు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2022లో లెక్క తీశారు. వంద మైళ్ళంటే దాదాపు 160 కిలోమీటర్లు, ఇంచుమించు మనకు కదిరి దూరం.

## ఇల్లు, పొలం, మన ముసలితనం

ఊళ్ళో ఇల్లు కట్టాలా, ఇక్కడ ఇంటి స్థలం కొనాలా?

ఊళ్ళో ఇల్లు మీరు ఉండటానికైతే కట్టండి. పిల్లలు వచ్చి ఉంటారని మాత్రం కట్టకండి. మా వైపు ఊళ్ళలో మూడంతస్తుల ఇళ్ళకు తాళాలు వేసి ఉన్నాయి. తేరు రోజుల్లో నాలుగు రోజులు తెరుస్తారు, మిగతా ఏడాదంతా పావురాలే.

పిల్లలు పెద్దయ్యాక బెంగళూరులో నిలవడానికి ఎక్కువ పనికొచ్చేది ఇక్కడ మీకున్న చిన్న ఇల్లే. అద్దె కట్టనవసరం లేని పిల్లవాడు మొదటి ఉద్యోగం నచ్చకపోతే వదిలి మంచిది వెతుక్కోగలడు. అయితే ఖాతా (ఇక్కడి ఆస్తి పన్ను రికార్డు), రిజిస్ట్రేషన్ కాగితాలు ఒకప్పుడు ఊళ్ళో తెలిసిన కరణం చూసిపెట్టినట్టు ఇక్కడ ఎవరూ చూసిపెట్టరు. నేను 2004లో ఒక లేఅవుట్‌లో అడ్వాన్సు ఇచ్చి మోసపోయాను. లాయరుకు కాగితాలు చూపించకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

పొలం అమ్మేస్తే పిల్లలకు ఊరితో సంబంధం తెగిపోతుందా?

పొలం ఉన్నంత మాత్రాన సంబంధం నిలవదు. కౌలుకిచ్చి ఏటా డబ్బు ఫోన్‌లో వేయించుకుంటే పిల్లలకు ఆ పొలం గట్టు కూడా తెలియదు. ఊరితో అసలు సంబంధం జబ్బుకు, పెళ్ళికి చేబదులు ఇచ్చే నాలుగిళ్ళతో. కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌వైగ్ అనే ఆర్థికవేత్తలు 2016లో రాసిన పరిశోధనలో ఇదే చూపించారు. పల్లెల్లో కులంవాళ్ళు ఒకరికొకరు ఆదుకునే ఏర్పాటు బలంగా ఉండటం వల్లే, పట్నంలో కూలి ఎక్కువైనా చాలామంది మగవాళ్ళు ఊరు కదలడం లేదని. మన తరం దాన్ని సగం వదులుకుని వచ్చింది. మన పిల్లలకు అప్పు కావాలంటే వెళ్ళేది బ్యాంకుకే.

అమ్మినా ఉంచినా కూతురి వాటా మరచిపోకండి. ఆంధ్రలో 1986 సవరణతో, దేశమంతటా 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. ఆమె ఎక్కడ కాపురం ఉన్నా ఆ హక్కు పోదు.

రిటైరయ్యాక మేం ఊరెళ్ళిపోతే పిల్లలు వెనకే వస్తారా?

రారు. వస్తూ పోతూ ఉంటారు. 1885లో రావెన్‌స్టైన్ అనే ఆయన ఇంగ్లండ్ జనాభా లెక్కలు చూసి, ప్రతి పెద్ద వలసకూ ఎదురుగా ఒక చిన్న తిరుగు వలస ఉంటుందని రాశాడు. ఆ తిరుగు వలసలో మీరు ఉండవచ్చు. మీ పిల్లల చుట్టూ అప్పటికి వాళ్ళ పిల్లల బడి, భార్య ఉద్యోగం, ఇంటి లోను ఉంటాయి.

అరవై ఏళ్ళకు ఊరెళ్ళి సంతోషంగా ఉన్నవాళ్ళను చూశాను. డెబ్బై దాటాక మోకాళ్ళ నొప్పులతో, షుగరుతో మళ్ళీ బెంగళూరు వచ్చినవాళ్ళనూ చూశాను. వెళ్ళేముందు ఇక్కడి గది పూర్తిగా ఖాళీ చేయకండి. మనవల్ని చూసుకోవడానికి రమ్మని ఫోన్ వస్తుంది.

ఓటు, రేషన్ కార్డు ఎక్కడ పెట్టుకోవాలి?

ఎక్కడ నివసిస్తుంటే అక్కడే ఓటు. చిరునామా మార్చడానికి ఫారం 8, కొత్తగా పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6. రెండు చోట్ల పేరు ఉంచుకోవడం నేరం. ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే రేషన్ కార్డు ఊళ్ళోదే అయినా, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఇక్కడి దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. వేలిముద్ర, ఆధార్ కలిసి ఉండాలి.

“మీది ఏ ఊరు?” అని అడిగితే పిల్లలు ఏం చెప్పాలి?

వాళ్ళనే చెప్పనివ్వండి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇక్కడే కాపురం ఉంటోంది. కన్నడవాళ్ళు అడిగితే కె.ఆర్.పురం అంటుంది, తెలుగువాళ్ళు అడిగితే కదిరి అంటుంది. ఒకసారి నేను సరిచేయబోతే “రెండూ నిజమే కదా నాన్నా” అంది. ఇప్పుడు దాని కొడుకు ఆదివారం మా మిద్దె మీద క దిద్దుతున్నాడు. పక్కన కూర్చున్న పిల్ల మీ ఊరేదని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, “మెట్రో పక్కన” అన్నాడు.